కారుకి ఎక్కిళ్లొస్తే...

ఈ వారం గిన్నె మూత కాదు, కారు బానెట్టు మూత తీద్దాం. వంటల పేజీ పక్కన ఇంజను గోలేమిటని నొసలు చిట్లించకండి. మన అత్తిలి లాంటి ఊళ్లో కూడా ఇప్పుడు గుమ్మం ముందు ముగ్గెయ్యాలంటే ముందు కారు పక్కకి తియ్యమని చెప్పాల్సొస్తోంది. అబ్బాయి డబ్బు పంపితే కొన్నదో, వాయిదాల మీద తెచ్చుకున్నదో, కిరాయికి తిప్పేదో, ఏదైతేనేం, అది మొరాయిస్తే కదిలేది పోపులపెట్టెలో దాచిన డబ్బే కదండీ!

నేను చదివింది ఇంటర్మీడియెట్. అదీ సి.ఇ.సి. గ్రూపు. ఇంజను బొమ్మ కూడా మా పుస్తకాల్లో లేదు. అయినా ఈమధ్య రెండు నెలలపాటు మా ఇంట్లో ఇదే గొడవ కావడంతో, మెకానిక్కులు మాట్లాడుకునేది పక్కన నిలబడి వింటూ, అర్థంకానిది మళ్లీ మళ్లీ అడుగుతూ, కొంత నేర్చుకున్నాను. మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

కారు బొత్తిగా స్టార్టవకుండా పడుకుందనుకోండి, అది నయం. చూసినవాడు ఏదో ఒకటి పట్టుకుంటాడు. చిక్కంతా వచ్చిపోయే జబ్బుతోనే. రాత్రంతా ఒళ్లు కాలిపోయిన పిల్లాణ్ణి పొద్దున్నే డాక్టరుగారి దగ్గరికి తీసికెళ్తే, చల్లగా కూర్చుని బిస్కెట్టు తింటూ ఉంటాడు చూడండి! సరిగ్గా అలాగన్నమాట. రోడ్డు మీద కుదుపులు, షెడ్డులో నిమ్మళం.

ఆ కుదుపునే మెకానిక్కులు మిస్సింగ్ అంటారు. ఇంజను మిస్ కొడుతోంది అంటారు. సాఫీగా పోతున్న బండి ఉన్నట్టుండి ఎక్కిళ్లు పెట్టినట్టు ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఆక్సిలేటరు తొక్కినా ఊపందుకోదు. కాసేపటికి తనే సర్దుకుంటుంది. ఒక్కోసారి మీటర్ల దగ్గర ఇంజను బొమ్మతో పసుప్పచ్చ దీపం వెలుగుతుంది.

మాది కిరాయి కారు. మూడు సిలిండర్లది, పెట్రోలుతోనూ సి.ఎన్.జి. గ్యాసుతోనూ నడుస్తుంది. ఏ కంపెనీదో చెప్పను. చెప్తే ఆ కారున్నవాళ్లందరికీ గుబులు పట్టుకుంటుంది, అన్ని కంపెనీలకీ ఉన్న జబ్బే ఇది. పెళ్లిళ్లకీ, తాడేపల్లిగూడెం స్టేషనుకీ, గన్నవరం విమానాశ్రయానికీ తిరగడం ఒకెత్తు. మా వీధి చివర పెద్దాయన్ని వారానికి రెండుసార్లు డయాలిసిస్‌కి ఏలూరు తీసికెళ్లి తీసుకురావడం ఒకెత్తు. ఆ కిరాయితోనే కారు వాయిదా కడతాం. పైగా ఆయనకి ఆ టైము తప్పితే కుదరదు. కారు ఎక్కిళ్లు పెట్టడం మొదలైంది ఆ ఏలూరు దారిలోనే. వెనక సీట్లో పెద్దావిడ, ఆయన చెయ్యి పట్టుకుని, “బాబూ, ఆగిపోదు కదా?” అని అడిగిందిట. మావారు ఆ రాత్రి సరిగ్గా అన్నం తినలేదు.

మొదట చూపించిన షెడ్డులో ఏదో మిషన్ పెట్టి చూసి, మూడు కాయిళ్లూ, మూడు ప్లగ్గులూ మార్చి, ఇంజెక్టర్లు కడగాలన్నారు. ఇంకోచోట అదేం కాదు, కంప్యూటరు బాక్సే పోయిందన్నారు. దాని ఖరీదు చెప్తే నాకు కళ్లు తిరిగాయి. ఎవరినీ తప్పుపట్టడం లేదు. కళ్లముందు రాని జబ్బుకి మందు రాయమంటే ఎవరైనా పెద్ద చీటీయే రాస్తారు. కానీ నాకనిపించింది, ఈ జబ్బు వచ్చేటప్పుడు బండిలో ఉండేది మావారు, షెడ్డువాళ్లు కాదు. కనక చూసి రాయాల్సింది మనమే.

పాలలెక్క పుస్తకం వెనక పేజీల్లో గీతలు కొట్టాను. ప్రతిరోజూ మావారు రాగానే కాళ్లు కడుక్కునేలోపు అడిగేదాన్ని. ఎక్కడ కొట్టింది? బయలుదేరి ఎంతసేపయింది? గ్యాసు మీదా, పెట్రోలు మీదా? ఎంతమంది ఉన్నారు? ఏసీ వేశారా? వానా, ఎండా? ఆయన మొదట విసుక్కున్నారు, “పోలీసు ఎంక్వయిరీలా ఉందే” అని. వారం తర్వాత ఆయనే అడక్కుండా చెప్పడం మొదలెట్టారు.

పన్నెండు రోజులకి పేజీ నిండింది. చూస్తే ఏముంది, బయలుదేరిన మొదటి ఇరవై నిమిషాల్లో ఒక్కసారి కూడా లేదు. ఒక్కరే ఉన్నప్పుడు లేదు. భీమడోలు దాటాక, ఇంజను బాగా కాగాక, మనుషులు నిండుగా ఉండి, ఏసీ వేసి, గ్యాసు మీద వంతెన ఎక్కుతుంటేనే కొడుతోంది. షెడ్డులో బండి ఖాళీగా, నిలబెట్టి చూస్తారు. మరి అక్కడెందుకు కొడుతుందండీ?

ఇది అర్థం కావాలంటే లోపల ఏం జరుగుతుందో కాస్త చూడాలి. గ్యాస్ స్టవ్వు వెలిగించడానికి లైటరు టిక్కుమనిపిస్తాం కదా. పెట్రోలు ఇంజనులో ప్రతి సిలిండరుకీ అలాంటి లైటరొకటి ఉంటుంది. అదే స్పార్కు ప్లగ్గు. పెట్రోలూ గాలీ కలిసి లోపలికొచ్చాక, సరైన క్షణంలో ఇది నిప్పురవ్వ వేస్తుంది. ఇంజను రెండు చుట్లు తిరిగితే ఒక్కో ప్లగ్గు ఒకసారి వెయ్యాలి. నిలబడ్డ బండి నిమిషానికి 800 చుట్లు తిరుగుతుందనుకోండి, ఒక్కో ప్లగ్గు 400 సార్లు. రోడ్డు మీద 3,000 చుట్లు తిరుగుతుంటే 1,500 సార్లు, అంటే సెకనుకి పాతిక రవ్వలు. అందులో కొన్ని తప్పితే అదే ఎక్కిలి. డీజిలు కారుకి ఈ బాధ లేదు. దానికి ప్లగ్గు రవ్వ అక్కర్లేదు, గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిలు అంటుకుంటుంది. కనక డీజిలు బండి మిస్ కొడుతుంటే కాయిల్ మార్చాలని ఎవరన్నా అంటే అక్కణ్ణించి లేచి వచ్చెయ్యండి.

బ్యాటరీలో ఉండేది 12 వోల్టులే. దాంతో రవ్వ దూకదు. పాతికవేలు, ముప్ఫైవేలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ వోల్టులు కావాలి. ఆ పెంచే పని చేసేదే కాయిల్. మిక్సీ మోటారు కాలిపోతే వైండింగు చేయిస్తాం కదా, అలాంటి రాగితీగ చుట్లే ఇందులోనూ ఉంటాయి. లావుతీగ చుట్లు కొన్ని, సన్నతీగ చుట్లు దానికి వందరెట్ల దాకా. లావుతీగలోకి కరెంటు పంపి టక్కున ఆపేస్తే, సన్నతీగలో వేల వోల్టులు పుట్టి ప్లగ్గుకి పోతాయి. అంబాసిడర్ల కాలంలో ఇంజను మొత్తానికి ఒక్కటే కాయిల్, దాన్నుంచి వైర్లు. ఇప్పటి కార్లలో ఎక్కువగా ప్లగ్గుకొక కాయిల్, దాని నెత్తిమీదే కూర్చుంటుంది, సీసా మీద బిరడాలాగా. కొన్నింట్లో మాత్రం ఒక కాయిల్ రెండేసి సిలిండర్లకి పనిచేస్తుంది. అలాంటి నాలుగు సిలిండర్ల బండిలో 1, 4 కలిసి మిస్సయినా, 2, 3 కలిసి మిస్సయినా ముందు కాయిల్నే అనుమానించాలి.

కాయిల్ ఎప్పుడూ ఇంజను వేడిలో ఉడుకుతూ ఉంటుంది. ఏళ్లు గడిచేసరికి లోపలి సన్నతీగలోనో, దాని చుట్టూ ఉన్న పూతలోనో వెంట్రుకవాసి పగులొస్తుంది. వేడెక్కితే పగులు విచ్చుకుంటుంది, చల్లారితే దగ్గరవుతుంది. పాత టేబుల్ ఫ్యాను గంట తిరిగి ఆగిపోయి, చల్లారాక మళ్లీ తిరిగినట్టు. ఇంకోటి, బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు సిలిండరు లోపల ఒత్తిడి బాగా పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో రవ్వ దూకాలంటే మరిన్ని వోల్టులు కావాలి. సి.ఎన్.జి. మీదైతే పెట్రోలుకన్నా ఇంకా ఎక్కువ కావాలి. బలహీనపడ్డ కాయిల్ ఖాళీబండిని నెట్టుకొచ్చేస్తుంది, వంతెన దగ్గర చేతులెత్తేస్తుంది. మా పాలలెక్క పుస్తకం చెప్పింది సరిగ్గా ఇదే.

సరే, ఇక ఆ కోడ్ల సంగతి. చాలామందిని బెదరగొట్టేవి అవే. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి ప్రతి కారులోనూ, తన జబ్బు తనే కనిపెట్టి గుర్తుపెట్టుకునే ఏర్పాటు తప్పనిసరి చేశారు. మన దేశంలో బి.ఎస్.4 కార్లతో వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బి.ఎస్.6 బళ్లల్లో ఇంకా గట్టిపడింది. స్టీరింగు కింద, మోకాళ్లపైన పదహారు పిన్నుల సాకెట్టు ఒకటుంటుంది. అందులో స్కానరు పెడితే కోడు చెప్తుంది. ఫోనుతో కలిసే చిన్న డబ్బీలు కూడా ఇప్పుడు వెయ్యి రూపాయల్లోపు దొరుకుతున్నాయి. అమెరికాలో విడిభాగాలమ్మే కొట్లలోనే ఉచితంగా చూసిపెడతారుట, అక్కడున్న మా ఆడపడుచు కూతురు చెప్పింది.

మా బండిలో వచ్చింది పి 0302. దీన్ని ఇలా చదవాలి. పి అంటే ఇంజనూ గేర్లకి సంబంధించింది. సున్నా అంటే అన్ని కంపెనీలకీ ఒకటే కోడు. 3 అంటే రవ్వ, మిస్సింగుల ఖాతా. చివరి 02 అంటే రెండో సిలిండరు. అంటే పి 0301 ఒకటోది, పి 0303 మూడోది. పి 0300 అని వస్తే, ఫలానాదని కాకుండా అన్నింటిలోనూ ఎడాపెడా తప్పుతోందని. పి 0351, 0352 ఇలా 5 ఉన్న వరస వస్తే, ఆయా కాయిళ్లకి వెళ్లే కరెంటు దారిలో లోపమని.

ఇక్కడొక మెలిక ఉంది. పి 0302 అంటే రెండో కాయిల్ పోయిందని అర్థం కాదండీ. రెండో సిలిండరులో మంట సరిగ్గా మండటం లేదని, అంతే. కంప్యూటరు రవ్వని కళ్లతో చూడదు. ఇంజను ఇరుసు తిరిగే వేగాన్ని లెక్కపెడుతూ ఉంటుంది. ఏ సిలిండరు వంతు వచ్చినప్పుడు ఇరుసు కాస్త వెనకబడిందో చూసి, దాని పేరు రాసుకుంటుంది. ఎందుకు వెనకబడిందో దానికి తెలీదు. కాయిల్ కావచ్చు, ప్లగ్గు కావచ్చు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు కావచ్చు, వైరు కావచ్చు, సిలిండరులో బిగువు తగ్గి ఉండొచ్చు. ఇంట్లో పిల్లాడు ఏడుస్తున్నాడంటే ఏడ్చేవాడెవరో తెలుస్తుందిగానీ, గిల్లిందెవరో తెలీదుగా! 5 వరస కోడు కూడా అంతే, కాయిలైనా కావచ్చు, దానికొచ్చే వైరైనా కావచ్చు.

మన స్టవ్వుతో పోల్చుకుంటే తేలిగ్గా పట్టుబడుతుంది. అన్ని బర్నర్లూ ఒకేసారి మందగిస్తే గ్యాసు అయిపోయిందంటాం. ఒక్క బర్నరే మందగిస్తే సిలిండరు మార్చం, ఆ బర్నరే తీసి కడుగుతాం. ఇంజనూ అంతే. పెట్రోలు బాగులేకపోయినా, ఎక్కడన్నా గాలి దొంగదారిన దూరుతున్నా అన్ని సిలిండర్లకీ తగులుతుంది, పి 0300 వస్తుంది. ఎప్పుడూ ఒక్క రెండో సిలిండరే పేరు పడుతుంటే బంకువాణ్ణి తిట్టి లాభం లేదు.

మరి కాయిలో కాదో తేల్చడమెలా? దీనికి రూపాయి ఖర్చులేని పరీక్ష ఉంది. మాకు చేసినవాడు తణుకులో చిన్న షెడ్డు పెట్టుకున్న పాతికేళ్ల కుర్రాడు. నా పుస్తకం చూసి నవ్వలేదు. రెండుసార్లు చదివి, “ఆయ్, ఇది చాలండి అక్కా, సగం పని మీరే చేసేశారు” అన్నాడు. ముందు స్కానరులో కోడుతోపాటు, ఆ కోడు పడిన క్షణంలో బండి ఎంత వేగంలో ఉంది, ఇంజను ఎంత వేడిగా ఉంది అన్న లెక్క కూడా చూశాడు. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కదిలే సినిమాని ఆపి ఫోటో తీసినట్టు. మా పేజీతో సరిపోయింది, ఇంజను పూర్తిగా కాగి ఉంది, మీద బరువుంది. అదంతా కాగితం మీద రాసుకున్నాకే కోడు చెరిపాడు. ఇది గుర్తుపెట్టుకోండి. చాలామంది దీపం వెలగ్గానే బ్యాటరీ వైరు పీకి పెడతారు. దీపం ఆరుతుంది, దాంతోపాటు గుర్తులన్నీ పోతాయి. ముగ్గు తుడిచేసి చుక్కలెన్నో చెప్పమన్నట్టుంటుంది.

ఇంజను చల్లారి, తాళం తీసేశాక, రెండో కాయిల్ ఊడదీసి మూడోదాని మీద పెట్టాడు. మూడోది తెచ్చి రెండోదాని మీద. తికమక లేకుండా స్కెచ్ పెన్నుతో నంబర్లు వేశాడు. ప్లగ్గులు కదపలేదు, ఇంజెక్టర్లు ముట్టుకోలేదు. ఒక్కటే మార్చాలి, అదే కిటుకు. పులుసు రుచి తేడా వచ్చిందని ఉప్పూ, బెల్లం, చింతపండూ ఒకేసారి వేసేస్తే ఏది తక్కువైందో ఎప్పటికీ తెలీదు కదా. తర్వాత, “మామూలుగా కాదు బాబాయ్, జబ్బొచ్చే దారిలోనే తిప్పండి” అన్నాడు మావారితో. నలుగురు మనుషులు, ఏసీ, గ్యాసు, భీమడోలు దారి. డయాలిసిస్ రోజు కాదులెండి. మా మరిదీ పిల్లలూ ఎక్కారు, వాళ్లకది షికారు.

వచ్చేటప్పుడు వంతెన మీద కొట్టింది. స్కానరు పెడితే ఈసారి పి 0303! కాయిల్ ఎటెళ్తే జబ్బు అటెళ్లింది. ఇక సందేహమేముంది? అలా కాకుండా మళ్లీ 0302 అనే వచ్చి ఉంటే, కాయిల్ నిర్దోషి అన్నమాట. అప్పుడు ప్లగ్గులు అలాగే తారుమారు చేసి చూడాలి. అదీ కాకపోతే ఇంజెక్టరు, ఆ తర్వాత సిలిండరు బిగువు పరీక్ష. 5 వరస కోడయితే, కాయిల్ మార్చినా కోడు కదలకపోతే వైరో, దాని కనెక్టరో చూడాలి.

మూడు కాయిళ్లు కాదు, ఒక్కటే కొన్నాం. ప్లగ్గులు మాత్రం మూడూ మార్పించాం, దానికి కారణముంది. ప్లగ్గు కొన అరిగేకొద్దీ రవ్వ దూకాల్సిన సందు పెరుగుతుంది. ఆ సందు మిల్లీమీటరుకి కాస్త అటూ ఇటూగా ఉండాలి, బండిబండికీ లెక్క వేరు. పెరిగిన సందు దూకించడానికి కాయిల్ మరింత కష్టపడాలి. అరిగిన ప్లగ్గు ఉంచేసి కొత్త కాయిల్ పెడితే, అదీ తొందరగా పోతుంది. అసలు కాయిల్‌ని చంపేది చాలాసార్లు ప్లగ్గే. గ్యాసు మీద నడిచే బళ్లవాళ్లు ప్లగ్గుల విషయంలో బద్ధకించకూడదు. ఇంకోటి కూడా ఆ కుర్రాడు చూపించాడు. ప్లగ్గు కూర్చునే గుంటలో నూనె చేరిందేమో చూడాలిట. పైన మూతకింది ప్యాకింగు చెడితే నూనె దిగి కాయిల్ రబ్బరుని ఉబ్బేలా చేస్తుంది. మాకది లేదు, బతికిపోయాం.

తీసేసిన పాత కాయిల్ అడిగి తెచ్చుకున్నాను. ఎక్కడ చేయించినా మీరూ అడగండి. మార్చామన్నది నిజంగా మార్చారో లేదో తెలుస్తుంది.

మన వైపు వాళ్లకి ఇంకో రెండు సంగతులు చెప్పాలి. వరి కోతలయ్యాక చేలల్లో ఎలుకలు ఊళ్లోకొస్తాయి. రాత్రి వెచ్చగా ఉంటుందని బానెట్టు కింద దూరి వైర్లు కొరుకుతాయి. కొరికిన వైరు కుదుపుకి కలుస్తూ విడిపోతూ ఉంటే, వచ్చిపోయే మిస్సింగుకి అంతకన్నా ఏం కావాలి? కాయిళ్ల దగ్గర ఊకో, గింజలో, రెట్టలో కనిపిస్తే ముందు వైర్లు తడమండి, ఇంజను ఆపాకే సుమా. ఇక నీళ్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటికి చేరి ఏలూరు, కైకలూరు రోడ్డు మీదికి నీళ్లొచ్చినప్పుడు చాలామంది బళ్లు నీళ్లల్లోంచే తోలారు. ఆ నీరు కనెక్టర్లలో దూరితే అప్పటికప్పుడు ఏం కాదు. నెలల తర్వాత రాగిచెంబుకి పట్టినట్టు పచ్చటి చిలుము పట్టి, అప్పుడు మొదలవుతుంది బాధ. వరద దాకా ఎందుకు, సర్వీసింగులో బానెట్టెత్తి జోరుగా నీళ్లు కొట్టించినా అంతే. మా బండికి ఇంజను మీద నీళ్లు కొట్టనివ్వను.

ఆ పసుప్పచ్చ దీపం గురించి తెలుసుకోవాల్సింది ఒకటుంది. నిలకడగా వెలిగితే నిదానంగా ఇంటికొచ్చి చూపించుకోవచ్చు. మిణుకు మిణుకుమని కొట్టుకుంటుంటే మాత్రం ఆక్సిలేటరు తగ్గించి, ఎక్కడన్నా పక్కకి తీసి ఆపెయ్యాలి. మండని పెట్రోలు సైలెన్సరు వైపు పోతుంది. దారిలో పొగని శుభ్రంచేసే కన్వర్టరు ఉంటుంది, లోపల ప్లాటినం, పల్లాడియం లాంటి ఖరీదైన లోహాల పూత. ఆ పెట్రోలు అక్కడ అంటుకుంటే కన్వర్టరు ఎర్రగా కాగి లోపలిదంతా కరిగిపోతుంది. కాయిల్ ఖరీదుకి ఎన్నోరెట్లు ఖర్చు. ఆపేటప్పుడు కూడా చూసి ఆపండి. కళ్లాల రోజుల్లో మన రోడ్లమీద ఎండుగడ్డి పరిచి ఉంటుంది. కాగిన కన్వర్టరు దానిమీద ఉంటే బండి తగలబడుతుంది.

దీపం దానంతటదే ఆరిపోయినా జబ్బు పోయినట్టు కాదు. మామూలుగా మూడు ప్రయాణాలు సాఫీగా సాగితే ఆరిపోతుంది. కోడు మాత్రం చాలా రోజులు లోపల జ్ఞాపకం ఉంటుంది. కనక ఆరాక కూడా చూపించుకోవచ్చు, చూపించుకోవాలి కూడా. ఇంజను నడుస్తుండగా కాయిళ్లూ వైర్లూ ముట్టుకోవద్దని మగపిల్లలకి గట్టిగా చెప్పండి. వేల వోల్టులవి. గుండెకి పేస్‌మేకరు పెట్టించుకున్నవాళ్లయితే నడుస్తున్న ఇంజను మీదికి వంగనే కూడదు.

కాయిల్ కొత్తదైతే భయంలేదనుకోవడానికీ లేదు. 2021 మే నెలలో రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ తనంతట తనే 2,36,966 బళ్లని వెనక్కి పిలిచి చూపించుకోమంది. బుల్లెట్, క్లాసిక్, మీటియర్ బళ్లు, ఆర్నెల్లు కూడా నిండనివి. బయటినుంచి కొన్న కాయిళ్లలో లోపముందని, దానివల్ల మిస్సింగు రావచ్చని, బండి ఊపు తగ్గవచ్చని, అరుదుగా షార్ట్ సర్క్యూట్ కూడా కావచ్చని కంపెనీయే చెప్పింది. అన్నింటికీ మార్చాల్సిన పనిలేదు, పదోవంతు లోపే ఉంటాయని కూడా అంది. మన గోదావరి కుర్రాళ్లకి బుల్లెట్టంటే ప్రాణం కదా. 2020 డిసెంబరుకీ 2021 ఏప్రిల్‌కీ మధ్య తయారైన బండి సెకండ్ హ్యాండులో కొంటుంటే, ఛాసిస్ నంబరు చెప్పి ఆ పని జరిగిందో లేదో షోరూములో అడగమనండి.

రెండు చక్రాల బళ్లు నడిపే అమ్మాయిలకో మాట. మీ బండికి ఒక్కటే సిలిండరు, ఒక్కటే కాయిల్. మార్చి చూడటానికి పక్కన ఇంకోటి ఉండదు. కొత్త బళ్లయితే వాటిలోనూ కోడు పడుతుంది, 2023 ఏప్రిల్ నుంచి ఆ ఏర్పాటు మరింత పెరిగింది. కానీ కాయిల్ దాకా వెళ్లేముందు ప్లగ్గు, దానిమీది రబ్బరు క్యాపూ చూపించండి, అవే చవక. మా తోటికోడలి స్కూటరు వానలో తడిస్తేనే మిస్ కొట్టేది, ఎండ వస్తే బుద్ధిగా ఉండేది. కాయిల్ మార్చాలన్నారు. తీరా చూస్తే క్యాపు రబ్బరు పగిలి లోపలికి నీరు దిగుతోంది. క్యాపొకటి మార్చారు. నూటయాభై రూపాయల్లోపే అయింది.